పెద్దల భద్రత: ఇంటిలోనూ, ఆశ్రమంలోనూ



తల్లిదండ్రులను గౌరవించాలని మన సమాజంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే స్నానాలగది గచ్చు తడిగా ఉంటే నోటిమాటలోని గౌరవం వారిని కాపాడలేదు. కనుక ఈనాడు మేము పెద్దల దినచర్యను గురించి, వారి హక్కులను గురించి మాట్లాడదలచాము.

వృద్ధాప్యంలో ఒక్కసారి జారిపడినా తుంటి ఎముక విరగవచ్చు. అలా మంచాన పడినవారు తిరిగి నడవడం కష్టం. ఈ ప్రమాదం మన ఇళ్లలో ఎక్కడ పొంచి ఉన్నదో గమనించండి. పెద్దలు ఫజ్ర్ నమాజుకు చీకటిలోనే లేస్తారు. వజూ చేసేటప్పుడు ఒంటికాలిపై నిలిచి, రెండవ కాలిని వాష్‌బేసిన్‌లో పెట్టి కడుగుకుంటారు. రక్తపోటు మాత్రలు వాడేవారు సజ్దా నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు. దీనికి నివారణ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కూర్చుని వజూ చేయడానికి గట్టి పీట, గోడకు పట్టుకొనే కమ్మీ, రాత్రంతా వెలిగే చిన్న దీపం, అవసరమైనవారికి నమాజుకు కుర్చీ ఉంటే చాలును. మధుమేహం ఉన్నవారు ఉపవాసం ఉండవచ్చునా, మందుల వేళలు ఎట్లా మార్చుకోవాలి అన్నది రంజాన్‌కు ముందే వైద్యుణ్ణి అడగాలి. ఇన్సులిన్ మోతాదును ఇంటివారు తామే మార్చరాదు.

ఇక ఆశ్రమాల విషయం. పిల్లలు గల్ఫ్‌కు వెళ్లగా ఒంటరిగా మిగిలినవారు, సంతానం లేని వితంతువులు మన బస్తీలలోనూ ఉన్నారు. వారు ఆశ్రమంలో చేరితే అప్రతిష్ఠ అని నిందించేవారు వారికి ఒక పూట అన్నం పెట్టరు. మనం అడగవలసిన ప్రశ్నలు వేరు. అక్కడ హలాల్ భోజనం ఉన్నదా? నమాజుకు చోటున్నదా? సహరీ వేళకు అన్నం దొరుకుతుందా? స్త్రీలకు స్త్రీ పరిచారికలున్నారా? రాత్రివేళ జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకువెళ్లేదెవరు?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. మతభేదం లేకుండా 60 ఏళ్లు నిండిన పౌరులందరికీ ఇది వర్తిస్తుంది. ప్రతి జిల్లాలో నిరుపేద వృద్ధులు కనీసం 150 మందికి చోటుండే ఆశ్రమం నెలకొల్పే అధికారాన్ని 19వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకిచ్చింది. వాటి సేవల ప్రమాణాలను నిర్ణయించవలసినది కూడా ప్రభుత్వమే. పైన అడిగిన సౌకర్యాలు ఆ ప్రమాణాలలో చేరాలని మనం కలెక్టర్లకు వినతిపత్రాలివ్వాలి.

పిల్లలు పోషించకపోతే పెద్దలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. న్యాయవాదిని పెట్టుకోనక్కరలేదు. స్వయంగా వెళ్లలేనివారి తరఫున, వారు అధికారమిచ్చిన వ్యక్తి గాని, సంస్థ గాని దరఖాస్తు చేయవచ్చు. పోషిస్తారన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, వారు పోషించనప్పుడు 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు. నోటిమాటగా హిబా చేసినప్పుడు అట్టి షరతును రుజువు చేయడం కష్టం. కనుక ఇల్లు రాసివ్వదలచినవారు ముందుగా ఆలిమ్‌ను, న్యాయవాదిని సంప్రదించి, షరతును పత్రంలో స్పష్టంగా రాయించుకోవాలి.

ప్రతి మసీదు కమిటీకి మా విన్నపం ఒక్కటే. మీ మహల్లాలో ఒంటరిగా ఉన్న వృద్ధుల జాబితా తయారుచేయండి. వారానికొకసారి ఒకరు వెళ్లి పలకరించే ఏర్పాటు చేయండి. వయోవృద్ధుల సహాయవాణి 14567 సంఖ్యను మసీదు గోడపై పెద్ద అక్షరాలతో రాయించండి. వజూఖానాలో రెండు ఎత్తు పీటలు వేయించండి. ఈ పనులకు నిధులు రావాలని ఎదురుచూడవద్దు. వచ్చే జుమా నాడే మొదలుపెట్టవచ్చు.