పెద్దరికమున అప్పుపద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పనిచేయు చోట పెద్దరికము ఎట్లుండవలెనో నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాయుటయు, రాత్రి ఈ గ్రంథాలయపు బీరువాలోని భారతమును నిఘంటువు సాయముతో చదువుకొనుటయు, ఇంతే నా చదువు. కావున వీనిని లెక్కలవాని మాటలుగానే వినగోరెదను.

సభాపర్వమున నారదుడు ధర్మరాజును ప్రశ్నలడుగు ఘట్టము కలదు. కోటలు, మంత్రులు, పొలములకు చెరువులు, ఒక్కటియు విడువడు. భటులకు జీతము వేళకిచ్చుచున్నావా యనును. ఆదాయవ్యయములు వ్రాయు గణకులును లేఖకులును ప్రతిదినము ప్రొద్దుటిపూట నీకు లెక్క చూపుచున్నారా యనియు నడుగును. మా వృత్తివారిని అచ్చట చూచి నాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు! ఆ సంతోషము కొంత తీరిన పిదపగాని అసలు సంగతి తోచలేదు. క్రొత్తసభలో కొలువుతీరిన రాజు అందరి యెదుట ఇన్ని ప్రశ్నలు వినెను. కోపింపలేదు. ఇవన్నియు నాకు తెలిసినవే యనలేదు. నీ మాటలచే నా బుద్ధి పెరిగినది, అట్లే చేసెదననెను.

అది పురాణకాలపు మాట యందురేమో. మన సీతానగరము కొండ దగ్గర నిలిచి కృష్ణను చూడుడు. నేడచట కనుపించునది 1957 డిసెంబరులో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజి. దానికి ముందు అచట 1855లో పూర్తియైన పాత ఆనకట్ట యుండెడిది. కెప్టెన్ ఆర్ అను ఇంజనీరు దానిని కట్టించెను. 1952లో అది తెగినది. ఆ పాత ఆనకట్ట ఊరక రాలేదు. 1832-33 నాటి నందన కరవులో గుంటూరు సీమ ఐదు లక్షల జనములో లక్షన్నర నుండి రెండు లక్షలవరకు మరణించిరని నాటివారి లెక్క. నది ప్రక్కనే పారుచుండగా ప్రజలు పొలములు బీడుపడి చచ్చిరి. ఆనాటి దొరతనమును పొగడుటకు నేనిచట నిలువలేదు.

కాని ఆ దొరతనపు కొలువులోనే సర్ ఆర్థర్ కాటన్ అను ఇంజనీరుండెను. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించినవాడు. కృష్ణకును ఆనకట్ట కావలెనని పట్టుపట్టినవారిలో నొకడు. ఆయనకు తొలుత ఎదురైన చిక్కేమనగా, మన నదులలో ఎంత త్రవ్వినను ఇసుకయే, రాయి తగులదు. పునాది దేనిపై నిలుచును? దీనికి జవాబు కావేరిపై చోళరాజులనాటి కల్లణైలో నుండెను. ఇసుకలో పెద్దరాళ్లు వేయవలెను, అవి దిగబడి కుదురుకొన్న పిదప వానిపై మరికొన్ని, నడుమ బంకమట్టి. ఏ కళాశాలయు చెప్పని యీ కిటుకును పూర్వపు పనివారు చేసి చూపియుండిరి.

ఇందు వింతయేమి, చూచి నేర్చుకొనినాడు గదా యనవచ్చును. వింత తరువాత నున్నది. సర్ బిరుదు వచ్చి, పేరు దేశదేశముల మారుమ్రోగిన పిదప, 1874లో ఆయన కలము పట్టి, లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపుట యీ దేశపువారియొద్దనే మేము నేర్చితిమి, మా పనులు లాభించినవన్న అందువలననే, వారికి మేమెంతయో ఋణపడియున్నామని వ్రాసెను. పాలించువాడు పాలింపబడువానికి అప్పుపద్దు వ్రాసికొనెను! ధవళేశ్వరమున తనకు కుడిభుజమై నిలిచిన వీణం వీరన్నను ఆయన మరుగుపరచలేదు. వీరన్నకు రాయ్ బహద్దూర్ బిరుదు వచ్చినది.

నాకు ఈ సంగతి పుస్తకమున చదివిననాడు నిద్రపట్టలేదు. కారణము చెప్పెదను.

దాదాపు ముప్పది ఏండ్లనాడు ఒక మిరపకాయల కొట్టులో నేను పెద్దగుమాస్తాను. ఒక రైతు తెచ్చిన 41 టిక్కీలను ఆవర్జాలో 14గా ఎక్కించితిని. రైతు గోలపెట్టగా షావుకారు నన్ను పిలిచి అడిగెను. కాటాచీటీ తప్పు వచ్చియుండునంటిని. చీటీ వ్రాసినవాడు పదునెనిమిదేండ్ల పిల్లవాడు. రైతు సొమ్ము రైతుకు ముట్టినది. పిల్లవాని పని పోయినది. ఆ సాయంకాలము చీటీ నా పెట్టె అడుగున దొరికినది. అందు 41 అనియే యున్నది. నేను దానిని చించివేసితిని.

అటుపిమ్మట ఆ కొట్టులో కుర్రవాళ్లెవ్వరును నాయొద్దకు ఒక్క అనుమానమైనను తేలేదు. నా క్రింద పని ఎంత చక్కగా సాగుచున్నదో యని మురిసితిని! వారు నోరు మూసికొనిరని గ్రహించుటకు నాకు ఏండ్లు పట్టినది. ఆ పిల్లవానికొరకు తరువాత రెండుమారులు వెదకితిని. కనబడలేదు.

ఈ రజతోత్సవమునకై ఇరువదియైదేండ్ల గ్రంథాలయపు లెక్కలు తిరుగవేయుచుండగా, ఒక యేడు చందాల మొత్తమును నేనే రెండుమారులు కూడినట్లు తేలినది. పాత చేతులు కొట్టివేయుమనినవి. చిఠాలో "ఇది నా పొరపాటు" అని వ్రాసి, చేవ్రాలు చేసి, కార్యవర్గసభలో చదివితిని. ఎవ్వరును ఏమియు ననలేదు. ఒక పెద్దమనిషి మాత్రము దగ్గెను.

మరునాటి ప్రొద్దున మన గ్రంథపాలకుడు మా యింటికి వచ్చినాడు. చిన్నవాడు, నెమ్మదస్థుడు. అరుగుమీద చాలసేపు కూర్చుండి, "బాబాయిగారూ, నాదొకటున్నదండి" అని జేబులోనుండి మడత కాగితము తీసినాడు. బీరువాలో కనబడని పుస్తకముల పట్టిక! మొత్తము 11. మూడేండ్లనుండి తనిఖీనాడెల్ల చాటుచేసి, తన జీతమున కోత పడునేమోయని ఎవ్వరికిని చెప్పక, రాత్రులు బెంగపెట్టుకొనినాడట.

ఆ పట్టికనే ద్వారము ప్రక్కన గోడకు అంటించినాము. చూచియే యుందురు. ఇంతవరకు తొమ్మిది పుస్తకములు తిరిగివచ్చినవి. అందు నాలుగు మా యింటి అటకమీదనే దొరికినవి.