యుద్ధవేళ అసమ్మతి – రేడియో బాధ్యత

(ఒక గ్రంథాలయ సభలో గావించిన ఉపన్యాసము)



శాంతికాలమున వాక్స్వాతంత్ర్యమును కొనియాడుట కష్టము గాదు. సైన్యములు కదలిన పిమ్మట “ఈ యుద్ధము తప్పు” అని నలుగురిలో ననువానిని ఏమి చేయుదుమో, దానినిబట్టియే మన కొనియాటలోని నిజము తేలును. నేటి ప్రసంగమునకు అమెరికాదేశపు అనుభవమును గ్రహించితిని. అసమ్మతిని చెఱలో నుంచి పిదప తన తీర్పులను దిద్దుకొన్నదియు ఆ దేశమే. రేడియోను వ్యాఖ్యాతల కప్పగించి ఆ ఫలముల ననుభవించినదియు ఆ దేశమే.

1917 ఏప్రిలులో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున దిగెను. జూనులో గూఢచర్య శాసనము వచ్చెను. పేరు గూఢచారులది, పట్టుబడినవారిలో ననేకులు ఉపన్యాసకులు, కరపత్రములు పంచినవారు. యూజీన్ డెబ్స్ అను సోషలిస్టు నాయకుడు 1918 జూన్ 16వ తేదీని ఒహాయో రాష్ట్రమందలి కాంటన్ పట్టణమున మాటలాడుచు, యుద్ధములను ప్రకటించువారు ప్రభువర్గమువారు, వానిలో ప్రాణములిచ్చువారు సామాన్యులు అని చెప్పెను. అందులకు 10 సంవత్సరముల శిక్ష. 1919 మార్చిలో సుప్రీంకోర్టు దానిని ఏకగ్రీవముగా స్థిరపఱచెను. 1920లో ఆయన అట్లాంటా కారాగారమునుండియే అధ్యక్షపదవికి పోటీచేయగా 9 లక్షలకు పైగా వోట్లు వచ్చెను. 1921 డిసెంబరులో అధ్యక్షుడు హార్డింగ్ శిక్ష తగ్గించి విడిపించునాటికి యుద్ధము ముగిసి మూడేండ్లు దాటినది!

డెబ్స్ తీర్పును వ్రాసినవాడు జస్టిస్ హోమ్స్. అదేనెలలో షెంక్ వ్యాజ్యమున ఆయన చెప్పిన ఉపమానము లోకప్రసిద్ధము: నాటకశాలలో మంట లేకయే మంటయని కేకవేసి కల్లోలము పుట్టించువానిని వాక్స్వాతంత్ర్యము కాపాడదని. ఈ మాటను నేటికిని ఎందఱో వల్లించుచుందురు. షెంక్ వేసిన కేక యేమి? నిర్బంధ సైనికసేవ అన్యాయమని కరపత్రములు పంపుట! అచట మంట నిజముగనే మండుచుండెను. ఐరోపాలో లక్షలమంది అందు పడి చచ్చుచుండిరి. ఆ హోమ్సే 1919 నవంబరులో ఏబ్రమ్స్ వ్యాజ్యమున, బ్రాండైస్ తోడుగా, సహన్యాయమూర్తులతో విభేదించి, ఒక అభిప్రాయమునకు సరియైన పరీక్ష ఇతరాభిప్రాయములతో పోటీయే యని వాదించెను. ఆ దృష్టి ధర్మాసనమున స్థిరపడుటకు 50 సంవత్సరములు పట్టినది. తక్షణ దౌర్జన్యమునకు పురికొల్పుచు, అది జరుగునట్లున్నప్పుడే మాటను శిక్షింపవచ్చునని 1969లో తీర్పు వచ్చెను.

ఈ హక్కు మన మెఱుగనిది గాదు. 1940 అక్టోబరు 17వ తేదీని వినోబాభావే పౌనారున ప్రారంభించిన వ్యక్తిసత్యాగ్రహము దీనికొఱకే. తా నెప్పుడు, ఎచ్చట యుద్ధమునకు ప్రతికూలముగా మాటలాడనున్నాడో సత్యాగ్రహి అధికారులకు ముందే తెలిపెడివాడు. దేశమంతట 20,000 మందికి పైగా చెఱసాలల కేగిరి. డెబ్సువలెనే వీరును తమ మాటకు తామే వెల చెల్లించిరి.

రేడియోలో కూర్చుండి మాటలాడువాని స్థితి వేఱు. రచ్చబండకడ నొకడు పొరుగువానిని ద్రోహి యన్నచో, ఆ పొరుగువాడో అతని బావమఱదియో అక్కడికక్కడే లేచి బదులు చెప్పును. రేడియోపెట్టెకు బదులు చెప్పగలవా రెవరు? శ్రోతలు ఫోనుచేసి పాల్గొను కార్యక్రమములందును, ఎవరిని మాటలాడనీయవలెనో, ఎవరి గొంతు నొక్కవలెనో తెలుపు బొత్తాము వ్యాఖ్యాత చేతిదాపుననే యుండును.

ఈ చిక్కును గుర్తించియే అమెరికా ప్రసారశాఖ 1949లో ఒక నిబంధనను స్పష్టపఱచెను. తరంగములు ప్రజలవి, లైసెన్సు పొందినవాడు వివాదాంశములను చర్చింపవలెను, ఉభయపక్షములను వినిపింపవలెను. దీనిని 1969లో సుప్రీంకోర్టు సమర్థించెను. 1987లో ప్రసారశాఖయే తొలగించెను. నిబంధనకు వెఱచి కేంద్రములు వివాదములనే మానుచున్నవని వారు చెప్పిన కారణము. అందు కొంత నిజము లేకపోలేదు. మఱుసటి యేడే రష్ లింబా కార్యక్రమము దేశవ్యాప్తమయ్యెను. ఏకపక్ష వ్యాఖ్యానము గొప్ప వ్యాపారమయ్యెను. 2004లో అబూఘ్రైబ్ చెఱలో ఖైదీలను హింసించిన చిత్రములు వెలువడగా, లింబా దానిని కళాశాల సంఘములలో క్రొత్తవారిని ఏడిపించుటతో పోల్చెను. అది వినిన ఖైదీ ఎవ్వడును మఱునాడు ఆ మైకువద్దకు రాలేడుగదా!

అట్టివానిని చెఱలో వేయవలెనని నే ననను. డెబ్సుపై ప్రయోగించిన శాసనము ఎవరిపైనను తగదు. కాని ప్రసారకర్తకు బాధ్యత లేదనుటయు తగదు. డెట్రాయిట్ సమీపమునుండి కాగ్లిన్ అను క్రైస్తవ మతాచార్యుడు ప్రసంగించుచుండగా 1930 దశకమున కోట్లమంది వినెడివారు. 1938 నవంబరులో నాజీలు జర్మనీయందు యూదుల ప్రార్థనాలయములను తగులబెట్టిన కొలదిదినములకే ఆయన ఆ దౌర్జన్యమునకు సాకులు వెదకెను. న్యూయార్కులోని డబ్ల్యు.ఎమ్.సి.ఏ. కేంద్రము, ప్రసంగము ముగిసినతోడనే, అందు వాస్తవవిరుద్ధములగు మాటలు కలవని శ్రోతలకు తెలిపెను. పిదప ఆయన ప్రసంగములను మానెను. పోలీసులు రాలేదు, ఎవ్వరును చెఱకు పోలేదు. ఒక కేంద్రాధికారి తన గృహమునుండి వెలువడు మాటకు తానే పూచీ వహించెను, అంతియే.

దీనికి మాఱుగా 2003ను చూడుడు. 1996 శాసనము ఒక సంస్థకు దేశమున ఇన్ని రేడియోకేంద్రములే యుండవలెనను పరిమితిని ఎత్తివేసెను. కొలదియేండ్లలో ఒక్క సంస్థయే 1,200కు పైగా కేంద్రములను చేజిక్కించుకొనెను. 2003 మార్చి 10వ తేదీని, ఇరాకుయుద్ధమునకు కొలదిదినములు ముందు, డిక్సీ చిక్స్ గానబృందమందలి నాటలీ మెయిన్స్ లండనులో పాడుచు, తమ అధ్యక్షుడు తమ టెక్సాసువాడగుట తమకు సిగ్గని యనెను. ఒక్క వాక్యము! క్యుములస్ అను సంస్థ తన కంట్రీసంగీత కేంద్రములన్నిట వారి పాటలను నిలిపెను. లూసియానాలో వారి సీడీలను ట్రాక్టరుతో త్రొక్కించిరి. ఆమెకు ప్రాణభయపు బెదరింపులు వచ్చెను. ఏ ప్రభుత్వమును ఆజ్ఞ జారీచేయలేదు. యుద్ధమునకు చూపిన ముఖ్యకారణమగు మారణాయుధముల నిల్వలు ఇరాకులో లేవని 2004లో అమెరికా పరిశోధకులే తేల్చిరి. ముందుగా సందేహించినవారిని ద్రోహులనుటలో ఆ దేశము పోగొట్టుకొన్నదేమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

2007లో ఆ బృందమునకు 5 గ్రామీ బహుమతులు వచ్చెను. అప్పటికిని కంట్రీసంగీత కేంద్రములలో పెక్కు వారి క్రొత్తపాటలను వినిపింపలేదు.