అడవిలో ఒంటిబాట

పొలము గట్టుమీద సైకిలు తొక్కినవారికి ఒక సంగతి తెలియును. కాలువ వైపు చూచితిమా, కాలువలోనే పడుదుము. చిన్ననాడు నేర్చిన ఈ పాఠమును మేము మరచితిమి. నలుబది యేండ్లు దాటిన తరువాత కెనడా దేశమున ఒక పర్వతము దానిని మరల జ్ఞాపకము చేసినది.

కొండలమీద సైకిలు తొక్కుట ఇటీవలి వినోదమే. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతమున కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళతో కొండ దిగు పందెములు పెట్టుకొనిరి. ఒక్కసారి దిగుసరికి వెనుక బ్రేకులోని గ్రీజు కాలి పొగయై పోవుచుండెను. మరల మరల గ్రీజు నింపవలసి వచ్చుటచే ఆ దారికి 'రీప్యాక్' అను పేరు కలిగినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ విద్యకు స్థానము దొరకినది.

వాంకూవరు నగరమునకు ఉత్తరమున, సముద్రపు పాయ కావల, ఫ్రోమ్, సీమోర్, సైప్రస్ అను పర్వతములున్నవి. అచట వర్షము మెండు. సెడార్, హెమ్లాక్ మహావృక్షముల వేళ్ళు పలుచని మన్నుమీద పాములవలె ప్రాకియుండును. వాటి నడుమ నాచు పట్టిన బండలు. ఆ బండలమీదుగా, వేళ్ళమీదుగా ఒక్క సైకిలు పట్టునంత బాట దిగును.

మా అన్నగారి కుమారుడు మమ్ము ఫ్రోమ్ పర్వతమునకు తీసికొనిపోయెను. ఎక్కుట గులకరోడ్డుమీద, పరీక్షయంతయు దిగుటలోనే. జీను క్రిందికి దించితిమి. పెడళ్ళు రెండును సమమట్టమున నుంచి, వాటిమీద నిలిచి, మోకాళ్ళు, మోచేతులు వంచితిమి. ఒక పెడలు క్రిందికి వ్రేలాడినచో రాతికి తగులును.

కొంత దూరము పోగానే తడిసిన వేరొకటి అడ్డముగ కనబడినది. భయమున దానినే చూచితిమి. సరిగా దానిమీదనే ముందు బ్రేకు బిగించితిమి. చక్రము జారినది. లేచి చూచుకొనగా మోచేయి చీరుకొనిపోయినది.

"బాబాయిగారూ, మీరు వేరును చూశారు. దాని అవతల బాటను చూడండి. బ్రేకు వేరు రాకముందే వేయాలి, వేరుమీద చక్రాన్ని వదిలేయాలి" అని అతడు చెప్పెను.

ప్రక్కనుండి పోవుదుమంటిమి. అదియు కూడదనెను. అడ్డంకి చుట్టు తొక్కినచో బాట వెడల్పగును. చక్రము బిగబట్టి ఈడ్చినచో మన్ను గాడి పడును. ఆ గాడిలో వాననీరు పారి వేళ్ళను బయటపెట్టును. 1997లో ఏర్పడిన నార్త్ షోర్ మౌంటెన్ బైక్ అసోసియేషన్ తరఫున స్వచ్ఛందముగ వచ్చువారు పారలు పట్టి ఈ బాటలను బాగుచేయుచున్నారు.

పిదప నిట్టనిలువు బండ ఎదురైనది. అతడు దానిని ఎన్నోమారులు దిగినవాడు. బండను చేతితో తడివి, "ఇవాళ తడిగా ఉంది" అని సైకిలు దిగి నడచెను. అంతవరకు దిగుటకు సిగ్గుపడుచున్న మేము గూడ ఊపిరి పీల్చుకొని నడచితిమి.

శ్రోతలారా! పిల్లలకు సైకిలు నేర్పునపుడు "గోతిని చూడకు" అనుట చాలదు. ఎచట చూడవలెనో చూపుడు. దిగవలసినచోట దిగుట గూడ నేర్పుడు.