కళాశాల ఆవరణ - పచ్చదనపు లెక్క

మంచిర్యాల యనగనే మూడు విషయములు స్ఫురించును: గోదావరి, అడవి, బొగ్గు. పట్టణమును ఒరసికొని గోదావరి పారుచున్నది. జిల్లాయందలి జన్నారపు అడవులు, 2012లో ప్రకటింపబడిన కవ్వాల పులుల సంరక్షణ ప్రాంతమున చేరియున్నవి. శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గుగనులు పొరుగుననే కలవు. ఈ మూడింటి నడుమ పెరిగిన విద్యార్థికి పర్యావరణమనునది పాఠ్యపుస్తకమున మాత్రమే కనిపించుట వింతగాదా?

పాఠము కొఱకు కొదువ లేదు. పర్యావరణ విద్య అందఱికిని అందవలెనని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది. పిమ్మట డిగ్రీ విద్యార్థులకు ఆఱునెలల పాఠ్యక్రమము ఏర్పడినది. పాఠము వచ్చినది సరే, పాఠము చెప్పు చోటు మారినదా? అదియే నేటి ప్రశ్న.

మొదట చెట్టు సంగతి. 2015లో తెలంగాణమున హరితహారము ఆరంభమైన పిదప మొక్కలు నాటుట ఊరూర పండుగయైనది. తొలకరిలో గుంత త్రవ్వి, మొక్క నిలిపి, ఛాయాచిత్రము తీసికొందుము. మఱుసటి మే మాసమున ఎండ నలువదియైదు డిగ్రీలు దాటునప్పటికి ఛాయాచిత్రము మిగులును, మొక్క మిగులదు. మొదటి రెండు వేసవులు గడచినగాని మొక్క మనది కాదు. కావున నాటినవెన్ని యని జూలైలో గాక, బ్రతికినవెన్ని యని జూన్ మొదటి దినమున లెక్కింపవలెను. వేప, కానుగ, ఇప్ప వంటి మన నేల చెట్లైనచో ఈ ఎండకు ఓర్చుకొనును. జడ్చర్లలోని డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ కళాశాలవారు తమ ఆవరణయందు వందలకొలది జాతుల మొక్కలతో తెలంగాణ బొటానికల్ గార్డెన్‌ను పెంచిరి. అచట వృక్షశాస్త్రము నల్లబల్లపైననే ఆగిపోవుట లేదు.

రెండవది విద్యుత్తు. జైపూరులో సింగరేణి సంస్థవారి 1,200 మెగావాట్ల విద్యుత్కేంద్రము కలదు. బొగ్గుతో ఒక యూనిటు విద్యుత్తు పుట్టవలెనన్న అర కిలోకు పైబడిన బొగ్గు కాలవలెను. డెబ్బదియైదు వాట్ల పంకాలు ఏడు, ఖాళీ గదిలో రెండు గంటలు తిరిగినచో ఒక యూనిటు వ్యయమగును. ఆ బొగ్గును భూగర్భమునుండి తెచ్చినవాడు ఆ తరగతిలోని ఒక విద్యార్థి తండ్రియే కావచ్చును. మీట నొక్కి పంకా ఆపుట ఆ చెమటను గౌరవించుటయే.

మూడవది నీరు. వేయి చదరపు మీటర్ల డాబాపై ఏడాదిలో ఒక మీటరు వాన కురిసినచో పది లక్షల లీటర్ల నీరు పడును. మన జిల్లాలో కురియు వాన రమారమి అంతయే. దానిని మురుగుకాలువకు వదలి, వేసవిలో ట్యాంకరునకై ఎదురుచూచుట మనము తెచ్చుకొన్న కఱవు. డాబా గొట్టమును ఇంకుడుగుంతకు కలిపినచో బోరుబావికి ఊపిరి వచ్చును.

నాలుగవది చెత్త. రాలిన ఆకును కాల్చినచో పొగ, కుళ్ళనిచ్చినచో ఎరువు. పలుచని ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళెములు మొదలగునవి 2022 జూలై 1 నుండి నిషిద్ధములు. కళాశాల ఉత్సవములందు విస్తరాకు, స్టీలు గ్లాసు తిరిగి రావలెను.

వీని కన్నిటికి ధనమెక్కడిదని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సౌరఫలకములకు ధనము కావలెను. ఇంకుడుగుంతకు కొంత చాలును. పంకా ఆపుటకు, చేతులు కడిగిన నీటిని మొక్కకు మళ్ళించుటకు, ఆకును గుంతలో వేయుటకు శ్రద్ధయే మూలధనము. కళాశాల చేసిన ప్రతిజ్ఞ గోడమీది నినాదముగ మిగులరాదు. బ్రతికిన మొక్కలు, వాడిన యూనిట్లు, ఇంకిన నీరు, మిగిలిన చెత్త - ఈ నాలుగు లెక్కలను నెలనెల ప్రకటన ఫలకముపై వ్రాయవలెను. లెక్క తగ్గిన మాసమున దానిని దాచకుండుటయే నిజమైన ప్రతిజ్ఞ.

ఇంట నుండి వినుచున్న తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు సెలవులకు వచ్చినపుడు మార్కులెన్ని యని అడుగుదురు గదా! దానితోపాటు, నిరుడు నీవు నాటిన మొక్క ఎట్లున్నదని కూడ అడుగుడు.