గేదె చావలేదు, కానీ...
(శాఖల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కొన్నేళ్ళ కిందట ఒక గ్రామీణ శాఖలో మేనేజరుగా ఉన్నప్పుడు ఒకావిడకు రెండు పాడి గేదెల కోసం అప్పు ఇచ్చాను. పాల కేంద్రం చీటీలు చూశాను, బీమా చేయించాను, చెవిపోగు నంబరు రాసుకున్నాను. గాలికుంటు టీకా వేయించారా అని మాత్రం అడగలేదు. మేనేజ్‌మెంట్ చదువులో రిస్క్ మీద పరీక్ష రాసి పాసైనవాణ్ణే!

ఆర్నెల్లు తిరక్కుండా ఊళ్ళోకి గాలికుంటు వచ్చింది. గేదెల నోట్లో, గిట్టల మధ్య పుండ్లు. మేత ముట్టవు, సరిగా నిలబడలేవు. పాలు అడుగంటాయి. చావలేదు కాబట్టి బీమా రాలేదు. ఆవిడ శాఖకొచ్చి, “సారూ, గేదె చచ్చినా బాగుండేది, ఆ డబ్బులన్నా వచ్చేవి” అంది. గేదెను బిడ్డలా చూసుకునే మనిషి నోట ఆ మాట రావడం నన్ను కుదిపేసింది. వాయిదాలు పొడిగించాం. కానీ ఆ కుటుంబం తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

అప్పటినుంచి ఆ టీకా వెనకున్న మనుషుల గురించి చదవడం మొదలుపెట్టాను.

మన దేశంలో పశువైద్య పరిశోధన 1889లో పుణేలో ఒక చిన్న ప్రయోగశాలగా మొదలైంది. ప్రమాదకరమైన సూక్ష్మజీవులతో పని కాబట్టి, 1893లో దాన్ని జనావాసాలకు దూరంగా హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. అప్పటి ప్రధాన శత్రువు రిండర్‌పెస్ట్, అంటే పశువుల ప్లేగు. వస్తే మందలకు మందలే తుడిచిపెట్టుకుపోయేవి. 1920లలో అక్కడే ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ఆ వైరస్‌ను మేకల్లో పదేపదే పెంచి, దాని బలం తగ్గించి టీకా చేశారు. తర్వాత కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ దూడ మూత్రపిండ కణాల్లో వైరస్‌ను పెంచి ఇంకా సురక్షితమైన టీకా తెచ్చారు. ఒక్క మోతాదుతో జీవితకాలం రక్షణ. మన దేశంలో 1954లో మొదలైన నిర్మూలన కార్యక్రమం దశాబ్దాలు నడిచింది. 2011లో ఆ రోగం ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రెండో రోగం ఇదే.

గాలికుంటు అంత తేలిగ్గా లొంగదు. దాని వైరస్‌లో రకాలున్నాయి. ఒక రకానికి వేసిన టీకా మరో రకాన్ని ఆపదు. అందుకే మన టీకాలో ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాలు కలుపుతారు. రక్షణ కొన్ని నెలలే కాబట్టి ఏటా రెండుసార్లు వేయించాలి. ఊళ్ళో సగం పశువులకు వేసి సగం వదిలేస్తే రోగానికి దారి తెరిచి ఉన్నట్టే. వైరస్ ఎటు మారుతోందో శాస్త్రవేత్తలు నమూనాలు సేకరించి ఎప్పటికప్పుడు చూస్తూనే ఉండాలి. మన హైదరాబాద్‌లోనూ ఈ టీకా తయారవుతోంది. 2019 నుంచి కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్త కార్యక్రమం కింద దీన్ని ఉచితంగా వేయిస్తోంది.

ఉచితమే. అడిగి వేయించుకోవడమే మిగిలింది. ఇప్పుడు పాడి అప్పు దరఖాస్తు ఏది వచ్చినా నా మొదటి ప్రశ్న, “టీకా ఎప్పుడు వేయించారమ్మా?” అనే.

పిల్లలూ, డాక్టరు కావాలనుకునేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. నోరు లేని రోగులకు కూడా డాక్టర్లు కావాలని గుర్తుపెట్టుకోండి.