పట్టణవాసము – విద్యార్థి క్షేమము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెయందు గ్రంథాలయము మూతపడక నిలుచుట సామాన్య విషయము గాదు. పుస్తకములు కొనుట సులభము. ప్రతి సాయంకాలము తలుపు తీసి, దీపము వెలిగించి, చదువరి వచ్చినను రాకున్నను కూర్చుండుట కష్టము. ఆ కష్టమును ఓర్చిన వారికి నమస్కరించి విషయములోనికి వత్తును. ఈ బల్లలయొద్ద అక్షరములు దిద్దుకొని, పత్రికలు చదివి పెరిగిన పిల్లలలో పెక్కుమంది నేడు హైదరాబాదున అద్దె గదులలోను హాస్టళ్ళలోను ఉన్నారు. ఇంకను కొందఱు ఈ యేడు పోవ సిద్ధముగా నున్నారు. వారి క్షేమమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

మన వరంగల్లు బాటను పోవు బస్సు ఘట్‌కేసరు దాటి, బోడుప్పల్, పీర్జాదిగూడల మీదుగా ఉప్పల్ చేరును. కావున మనవారికి హైదరాబాదనగా మొదట కనబడునది ఉప్పలే. అదియు ఒకప్పుడు మనవలె చెరువును, పొలములును గల పల్లెయే. తరువాత పురపాలక సంఘమై, 2007లో మహానగరమున కలిసినది. ఆ మార్గముననే 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వెలసినది. అనంతరము కణ, అణుజీవశాస్త్ర కేంద్రము వచ్చినది. ఇంకను ముందుకు పోయినచో తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఉత్తరపు దిక్కున నాచారము, దాని పారిశ్రామికవాడ. 2017 నవంబరులో నాగోలునుండి మెట్రో రైలు నడవసాగినది. చదువు, చిన్నదో పెద్దదో ఒక పని, రవాణా – ఈ మూడును దగ్గఱ నుండుటచే రామంతాపురము, హబ్సిగూడ, చిలుకానగరు, నాచారము, మల్లాపురము వీధులలో మన పిల్లలు గదులు వెదకుకొనుచున్నారు.

పల్లె పిల్లవాడు పట్టణమున ఎట్లు నిలువవలెనను ప్రశ్న నేటిది గాదు. నూఱేండ్లకు పూర్వము హైదరాబాదు పోయిన తెలుగు విద్యార్థికి తల దాచుకొన చోటుండెడిది కాదు, పలుకరించు వారుండెడివారు కారు. అట్టి దినములలో, 1918లో, రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారు మొదలగు పెద్దలు రెడ్డి హాస్టలును స్థాపించిరి. ఆయన కొత్వాలు, నగరపు మంచిచెడ్డలు ఆయనకు తెలిసినంతగా మఱియొకరికి తెలియవు. అట్టి మనుష్యుడు పిల్లల రక్షణకు పోలీసు జవానులను పెంచుటతో తృప్తి పడక, వసతిగృహమును కట్టించినాడనుట గమనింపదగినది. సురవరం ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని కార్యనిర్వహణము చేసిరి. ఆ యింట అన్నము, మంచము, గ్రంథాలయము ఉండెను. అంతకు మించి, రాత్రి ఒక కుఱ్ఱవాడు రాకున్న, "వాడేడీ?" అని అడుగు పెద్ద యొకడుండెను.

నేటి గదిలో లేనిది ఆ ప్రశ్నయే. హాస్టలు యజమాని నెల అద్దె అడుగును. ఎక్కడికి పోయితివని అడుగడు. ఒకే గదిలోని నలుగురు నాలుగు జిల్లాలవారు. పట్టణమున ఆపదలు కలవు, కాదనను. కాని నేను గమనించినంతలో, విద్యార్థిని ముంచునది మొదటి ఆపద గాదు. దానిని ఎవరికిని చెప్పుకొనలేక ఒంటరిగా మోయుటచే రెండవది, మూడవది వచ్చి మీదబడును. దీనిని మనసున నుంచుకొని తక్కిన మాటలు వినగోరెదను.

ముందుగా గది మాట. 2023 మార్చి 16 సాయంకాలము సికింద్రాబాదున స్వప్నలోక్ అను వ్యాపార భవనమున నిప్పు పుట్టినది. ఆ భవనపు అయిదవ అంతస్తులో ఆరుగురు యువతీయువకులు మరణించిరి. వారందఱును వరంగల్లు, మహబూబాబాదు, ఖమ్మము జిల్లాల పల్లెలనుండి పొట్టకూటికై పోయినవారు; ఇరువదియైదేండ్లు నిండనివారు. వారిని చంపినది మంట కాదు, పొగ. అంతకు ఆరునెలల ముందు, 2022 సెప్టెంబరు 12న, అదే సికింద్రాబాదులో రూబీ అను హోటలు క్రిందనున్న విద్యుత్ స్కూటర్ల దుకాణమున నిప్పంటుకొన్నది. పొగ మెట్లదారిని పైకెగబ్రాకి ఎనమండుగురిని బలిగొన్నది.

కావున గది చూడబోవునపుడు గోడల రంగు, అద్దె మొత్తము చూచి తృప్తి పడరాదు. మెట్లు ఒక్కటేనా, రెండున్నవా? మెట్ల క్రింద స్కూటర్లకు చార్జింగు పెట్టుచున్నారా? పై డాబా తలుపునకు తాళము వేసియున్నదా? కిటికీలకు తెఱువరాని ఇనుపకమ్ములు బిగించిరా? అడుగుటకు సిగ్గుపడరాదు, రెండువందల తక్కువ అద్దెకు ఆశపడరాదు. పొగ వచ్చినపుడు లిఫ్టు ఎక్కకూడదు. తడిబట్ట ముక్కునకు అడ్డుపెట్టుకొని, నేలకు వంగి, మెట్లదారిని పోవలయును. మెట్లలోనే పొగ నిండియున్నచో గదిలోనే యుండి, తలుపు సందులలో తడిబట్టలు కూరి, వీధివైపు కిటికీ తెఱచి కేకవేయవలయును. వంటగ్యాసు వాసన వచ్చినచో దీపపు మీట వేయుటయు, తీయుటయు రెండును ప్రమాదమే. కిటికీలు తెఱచి, సిలిండరు మూసి, బయటకు వచ్చి 1906కు చెప్పవలయును.

నీటి సంగతి మఱవరాదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు రామంతాపురపు చెరువు పొంగి హబ్సిగూడ వీధులలోనికి వచ్చినది. ఉప్పల్, నాచారము పల్లపు కాలనీలు మునిగినవి. చెరువునకు జ్ఞాపకశక్తి యెక్కువ. తన దారిని మనము ఇండ్లు కట్టి మూసినను అది మఱువదు. క్రింది అంతస్తునందో, సెల్లారునందో చౌకగా గది దొరకినచో, ఆ వీధిలోని కిరాణా కొట్టువానిని "2020లో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చినవి?" అని అడుగుడు. ఆతడు గోడమీద గుర్తు చూపును. ఇంటియజమాని చూపడు.

రోడ్డు విషయము సంగ్రహముగా చెప్పెదను. ఉప్పల్ కూడలి యందు వరంగల్లు బాట, నగరపు వలయ మార్గము కలియును. బస్సు దిగినవాడు సంచి భుజమున వేసికొని వాహనముల నడుమ పరుగిడుట మన కన్నుల యెదుటి సంగతి. 2023 జూన్‌లో అచ్చట పాదచారులకై స్కైవాకు తెఱచిరి. మెట్లెక్కుటకు అయిదు నిమిషములు పట్టును, పట్టనిండు. మోటారుసైకిలుపై ముగ్గురు కూర్చుండుట, శిరస్త్రాణమును చేతికి తగిలించుకొని పోవుట, ఈ రెంటిని గూర్చి తల్లిదండ్రులే గట్టిగా చెప్పవలయును. మొదటిసారి పోవువారు పగటి బస్సులో పొండు. రాత్రి చేరక తప్పనిచో, ఎక్కిన ఆటో సంఖ్యను ఇంటికి తెలిపి, డ్రైవరు వినునట్లుగా తెలిపి, పొండు.

ఇక సొమ్ము విషయము. ఇది కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన పూర్వము జేబుదొంగ జేబులోనిది మాత్రమే తీసెడివాడు. ఇప్పటి దొంగ ఏ దేశమున కూర్చుండియో మన పిల్లవాని ఖాతాను, పరువును, కొన్నిమార్లు ప్రాణమును గూడ తీయుచున్నాడు. 2020 చివర తెలంగాణములో లోన్ యాప్‌ల ఉదంతములు బయల్పడినవి. అయిదువేలు అప్పు అడిగిన వానికి మూడున్నర వేలు చేతబెట్టి, వారము తిరుగకమునుపే అయిదువేలును అడుగుదురు. అప్పు ఇచ్చునపుడే ఫోనులోని పేర్లు, బొమ్మలు అన్నియు లాగుకొందురు. కట్టలేకపోయినచో తండ్రికి, మేనమామకు, పాఠశాల ఉపాధ్యాయునకు వీడు దొంగ అని సందేశములు పంపుదురు. ఆ అవమానము భరింపలేక ఆత్మహత్య చేసికొన్నవారు కలరు. పోలీసులు కేసులు పెట్టి కొందఱిని నిర్బంధించిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇట్టి అప్పులకు నియమములు విధించినది. అయినను కొత్త పేర్లతో మరల పుట్టుచునే యున్నవి.

ఇంకొక వల యున్నది. అది విద్యార్థులకే ప్రత్యేకముగా పన్నినది. "నీ బ్యాంకు ఖాతా మాకు కొన్నిదినములు వాడుకొననిమ్ము, వచ్చిన సొమ్ములో నూటికి ఇంత నీది" అని ఒకడు చాయ్ దుకాణమునొద్ద స్నేహము చేయును. ఖాతాతోపాటు ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చివేసినచో, ఎచ్చటనో మోసపోయిన ఒక ముసలివాని సొమ్ము ఆ ఖాతాలో పడి మాయమగును. పోలీసువారు మొట్టమొదట వచ్చునది ఖాతాపై పేరున్న పిల్లవాని యొద్దకు. తాను ఎవరిని మోసగించలేదని వాడు ఏడ్చినను కాగితములలో పేరు వానిదే. తెలియని మూట మోసిపెట్టుమన్నపుడును ఇదే మాట. మూటలో గంజాయి యున్నచో 1985 నాటి చట్టము మోసినవానినే పట్టును.

పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనబడి, "నీవు డిజిటల్ అరెస్టులో నున్నావు, గది కదలరాదు" అని బెదరించువారు కలరు. ఇట్టి అరెస్టు మన చట్టములలో ఎచ్చటను లేదు. ఉద్యోగమిచ్చుటకు ముందుగా డబ్బు కట్టుమనువాడు, నీ క్రింద మఱి ఇద్దఱిని చేర్చుమనువాడు యజమాని గాడు.

మోసము జరిగినచో 1930 అను సంఖ్యకు ఫోను చేయవలయును. దీని పని యెట్టిదో తెలిసిన తొందర యెందుకో తెలియును. దొంగ మన సొమ్మును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు, అచ్చటినుండి పదింటికి మార్చి, తుదకు నోట్లుగా తీసికొనును. ఫిర్యాదు అందినంతనే సొమ్ము ఏ ఖాతాలో నున్నదో ఆ బ్యాంకునకు వార్త పోయి, మిగిలినది అచ్చట నిలుపుదల యగును. అరగంటలో చెప్పినచో కొంత దక్కవచ్చును. మూడుదినములు దిండు క్రింద ముఖము దాచుకొని చెప్పినచో దక్కదు. ఆ మూడుదినములు పిల్లవాడు ఏల చెప్పలేదు? "నాయన చంపును" అని. ఫీజు కట్టుటకు ఎడ్లనమ్మిన తండ్రి యెదుట నిలుచుట వానికి దొంగను ఎదుర్కొనుటకంటె కష్టమైనది. తల్లిదండ్రులారా! నా ప్రార్థన యొకటే. పిల్లలను పంపునపుడు హితవు వంద చెప్పినను, చివర, "ఎంత పోయినను ముందు నాకు చెప్పు, నేను తిట్టను" అని ఒక్కమాట చెప్పి పంపుడు. చెప్పి, ఆ మాట నిలుపుకొనుడు.

ఆడపిల్లల విషయమునను నేను చెప్పునది ఇదియే. వెంటబడుచున్నాడని కూతురు చెప్పినంతనే చదువు మాన్పించి ఇంటికి తెచ్చిన తండ్రులు గలరు. దానిని చూచిన మఱియొక పిల్ల నోరు మెదపదు. వేధించువాడు ఆ మౌనమునే పెట్టుబడిగా పెట్టుకొనును. 2014 అక్టోబరులో హైదరాబాదున షీ టీములు ఏర్పడినవి. మామూలు దుస్తులలో వచ్చి చూతురు. 100కు గాని, 112కు గాని ఫోను చేయవచ్చును. స్త్రీల సహాయమునకు 181 కలదు. పోలీసు హద్దులు, కమిషనరేట్ల పేర్లు మారుచుండును. ఉప్పల్ ఠాణాయా, నాచారము ఠాణాయా అని విద్యార్థిని తర్కించుకొన బనిలేదు. 2019 నవంబరులో శంషాబాదు ప్రాంతమున ఒక యువ వైద్యురాలి కుటుంబమువారు ఆ రాత్రి ఒక ఠాణానుండి మఱియొక ఠాణాకు తిరుగవలసివచ్చిన సంగతి మనము మఱువలేదు. 2024 జూలై 1నుండి అమలైన నాగరిక సురక్షా సంహితలోని 173వ విభాగము ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాయించుకొనవలసినదే. ఈ విభాగపు సంఖ్య పిల్లలకు కంఠస్థము కావలయును. సంఖ్య చెప్పగలిగిన వానిని పొమ్మనుటకు గుమాస్తాయు జంకును.

ర్యాగింగు మన రాష్ట్రమున 1997నుండి నేరము. 1800-180-5522 అను సంఖ్య రాత్రింబవళ్ళు పనిచేయును. దిగులు మనసును పట్టినపుడు 14416కు మాటాడవచ్చును, తెలుగులోనే మాటాడుదురు. ఆసుపత్రికి 108 సంగతి మీకు తెలిసినదే.

ఇన్ని సంఖ్యలు చెప్పినను, మొదట చెప్పిన ప్రశ్న అట్లే యున్నది: "వాడేడీ?" అని అడుగువారెవరు? ఈ పనికి నేను గ్రంథాలయము కంటె తగినదానిని చూడను. ఇచ్చట పుస్తకము తీసికొనిపోయినవాడు పదునైదు దినములలో తేకున్నచో, వాని పేరు చిట్టాలో నెఱ్ఱసిరాతో గుర్తింపబడును; మనిషి వెళ్ళి అడుగును. పుస్తకమునకు చేయు ఈ యుపచారము పిల్లవానికి చేయరాదా?

ఒక చిట్టా పెట్టుడు. పట్టణమున నున్న ప్రతి విద్యార్థి పేరు, గది చిరునామా, యజమాని ఫోను, ఒకే గదిలోని మిత్రుని ఫోను, రక్తపు వర్గము అందు వ్రాయుడు. గది మారినపుడు మార్చుడు. ఆ చిట్టా కార్యదర్శి బీరువాలో తాళముతో నుండవలయును. ఆడపిల్లల చిరునామాలు బల్లమీద పడియుండరాదు. ఉప్పల్, నాచారము ప్రాంతమున ఇదివఱకే స్థిరపడిన మన యూరివారు ఇద్దఱో ముగ్గురో, కొత్తగా వచ్చువారిని బస్సునొద్ద కలిసికొని, గది చూపించి, మొదటి నెల ఆదివారములు ఒకపూట అన్నము పెట్టగలరు. నెలకొకసారి వారందఱును ఒకచోట కూడుట మంచిది. దసరాకు ఊరికి వచ్చినపుడు పైచదువులవారు ఇక్కడ కూర్చుండి, తాము చూచిన మోసములను, మంచి గదులను, చెడ్డ యజమానులను చిన్నవారికి చెప్పవలయును. నేను చెప్పినదానికంటె వారు చెప్పునది ఎక్కువ పనికివచ్చును.

కార్యదర్శిగారితో ఈ విషయము ముచ్చటించితిని. వారు సంతోషముతో అంగీకరించిరి. రెండువందల పుటల పుస్తకమొకటి గీతలు గీయించి తెప్పించిరి. సభ ముగిసిన పిమ్మట అది లోపలి గదిలో వారియొద్ద నుండును. ఈ సంవత్సరము పోవువారి తల్లిదండ్రులు భోజనములకు లేచుటకు ముందే పేర్లు వ్రాయింపగోరెదను. చిరునామా ఇంకను తెలియనివారు పేరు మాత్రము వ్రాయించి, గది కుదిరిన దినముననే తక్కినది ఫోనులో చెప్పవచ్చును.