అనాటమీ పాఠం చెప్పిన సుబ్బారావు

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును మనం మందులు కనిపెట్టిన మహనీయుడిగా తలుచుకుంటాం. మద్రాసులో ఆయన అనాటమీ బోధించిన సంగతిని మాత్రం ఒక్క వాక్యంతో దాటేస్తాం. ఆ కొద్దికాలానికి అంతకంటే విలువ ఉందని నా వాదన. మెడికల్ కాలేజీలో ఆయన ఖద్దరు గౌను తొడుక్కుని సర్జరీకి వెళ్ళడం ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగమూ దొరకలేదు. అప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరర్‌గా చేరారు.

ఆయుర్వేదం చదివేవాళ్ళకు శవచ్ఛేదంతో ఏం పని అని కొందరు అడగవచ్చు. సుశ్రుత సంహిత శారీరస్థానం తెరిస్తే జవాబు దొరుకుతుంది. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీళ్ళలో ఏడు రాత్రులు నాననివ్వాలి. ఆ తర్వాత వట్టివేళ్ళు, వెదురు వంటివాటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలు ఒక్కొక్క పొరనూ కళ్ళారా చూడాలి. అలా చూడనివాడు శస్త్రవైద్యానికి పనికిరాడన్నది ఆ గ్రంథం పట్టుదల. మధ్యలో తెగిపోయిన ఆ అలవాటును మళ్ళీ అందుకున్న చోటే సుబ్బారావు పాఠాలు చెప్పారు.

పొట్టకూటి కోసం చేసిన కొలువు అది, అసలు సుబ్బారావు 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాకే మొదలయ్యారు కదా అన్నది ఇంతకంటే బలమైన ఆక్షేపణ. కొలువు అవసరం కొద్దీ చేసిందే, కాదనను. అయితే హార్వర్డ్‌లో సహపరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి ఆయన ఏం పరిశీలించారో చూడండి. ఫాస్ఫరస్‌ను కొలవడానికి 1925లో వాళ్ళు ప్రకటించిన పద్ధతిలో అది మోలిబ్డేట్‌తో కలిసి నీలిరంగు తేలుతుంది. ఆ రంగు చిక్కదనమే కొలత. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం ఆ నీలం వెంటనే తేలి నిలవక, నిదానంగా ముదురుతూ పోయింది. దాన్ని లెక్కతప్పుగా కొట్టిపారేయకుండా వెంటపడితే కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. పిల్లి కండరం పనిచేస్తే అది తరుగుతుందనీ, విశ్రాంతిలో మళ్ళీ కూడుతుందనీ 1927లో చూపారు. రెండేళ్ళకు కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. ఇదంతా అనాటమీ పాఠాల ఫలితమని నేననను. కండరం ఎలా ఉందో చెప్పిన గురువు, అది ఎలా పనిచేస్తోందని అడిగారు. ప్రశ్న శరీరం దాటి పోలేదు.

తర్వాత మందుల పనిలోనూ ఆ ప్రశ్న శరీరాన్ని వదల్లేదు; బోదకాలే ఉదాహరణ. ఏలూరు, కొల్లేరు ప్రాంతంవాళ్ళకు ఆ జబ్బు గురించి వేరే చెప్పనక్కర్లేదు. దాన్ని తెచ్చే పురుగు కాపురముండేది శోషరస నాళాల్లో. వాటి దారి చెడితే కాలు వాస్తుంది. ఆ పురుగు పిల్లలు రాత్రిళ్ళు రక్తంలోకి వస్తాయి గనకే రక్తం చుక్క రాత్రివేళ తీస్తారు. లెడర్లే మందుల సంస్థలో సుబ్బారావు నడిపిన బృందం 1947లో వెలువరించిన డైఇథైల్‌కార్బమజైన్ అనే మందు ఆ పిల్లపురుగులను రక్తంలో లేకుండా చేస్తుంది. అది హెవిట్ మొదలైనవారి సమష్టి కృషి, ఆయన ఒక్కరిదే అనడం న్యాయం కాదు. వాచి గట్టిపడిన కాలిని ఆ మందు మామూలుగా చేయలేదు కూడా. అందుకే జబ్బు పైకి కనిపించనివాళ్ళకూ ఊరంతటికీ ఏటా మాత్రలు పంచవలసి వచ్చింది.